స్కైలాబ్ పడలేదు, ఫ్లాష్ గోర్డన్ దొరికాడు

పాత విద్యార్థులని మన స్కూలు గురించి రాయమంటే మాస్టార్ల గురించీ, గ్రౌండు గురించీ, వార్షికోత్సవం నాటకాల గురించీ మీరంతా రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. నేను రాసేది లెక్కల పుస్తకం కింద దాక్కుని మన సంచుల్లో బడికొచ్చిన పుస్తకాల గురించి. ఇంద్రజాల్ కామిక్సు, చందమామ బైండ్లు, వాటి వెంట పట్టుకున్న సైన్స్ ఫిక్షన్ సినిమాల పిచ్చి. అరవైకి దగ్గరపడినా ఆ పిచ్చి నన్ను వదల్లేదు, వదిలించుకోవాలని నాకూ లేదు.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సందులో అద్దె పుస్తకాల బడ్డీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు వరసలో డిటెక్టివ్ నవలలు, వెనక వారపత్రికలు, ఆపైన తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన కామిక్సు. పిన్నులు ఊడిపోతాయని బడ్డీ ఆయన ప్రతి పుస్తకాన్నీ వెన్ను పక్కన దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేసేవాడు. దాంతో పుస్తకం ఎన్ని చేతులు మారినా చెక్కుచెదిరేది కాదు గానీ, లోపలి అంచున ఉన్న బొమ్మ సగం కుట్టులోకి పోయేది. ముసుగు హీరో ఫాంటమ్ పిడికిలి కనిపించేది, ఆ గుద్దు ఎవడికి తగిలిందో కనిపించేది కాదు. కాస్త గట్టిగా విప్పి చూడబోతే "ఏటిరా గుంటా, ఇరిచేస్తావేటి?" అని లోపల్నుంచి కేక. ఆ కనిపించని సగం మనమే తేల్చుకోవాలి. మర్నాడు ఇంటర్వెల్లో దాని మీద వాదన, ఒక్కోసారి కొట్లాట కూడా.

పైగా అవి ఇంగ్లీషువి, మనది తెలుగు మీడియం. బొమ్మ చూసి మాట ఊహించడం, తర్వాత అదే మాట ఇంకో పేజీలో ఎదురైతే గుర్తుపట్టడం, నాకు ఇంగ్లీషు వచ్చింది ఇలాగే. ఆ మాట మన ఇంగ్లీషు మాస్టారికి చెబితే ఆయన కోప్పడలేదు, "అయితే ఆ పుస్తకం నాకూ ఓసారి చూపించు" అన్నారు. చూపించాను. రెండు రోజులు ఆయన దగ్గరే ఉంచుకున్నారు.

పెద్దయ్యాక వాటి చరిత్ర వెతుక్కుని చదివాను. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్సు మొదలుపెట్టారు, మొదటి సంచిక ఫాంటమ్‌దే. లీ ఫాక్ అనే ఆయన ఇంద్రజాలికుడు మాండ్రేక్‌ని 1934లో, ఫాంటమ్‌ని 1936లో అమెరికా పేపర్లలో మొదలుపెట్టాడు, అంటే మన చేతికి వచ్చేటప్పటికే అవి మన నాన్నల వయసు కథలు. పేపర్లో రోజుకి మూడు నాలుగు బొమ్మలుగా వచ్చినవాటిని పుస్తకంలో పట్టించడానికి కొన్ని బొమ్మలు కత్తిరించి, కొన్ని తీసేసి సర్దేవారట. కథ మధ్యలో ఫాంటమ్ ఉన్నట్టుండి గుర్రం మీద ఎందుకు ఉండేవాడో నాకు అప్పుడు అర్థమైంది. 1976లో అబిద్ సూర్తి బహదూర్‌ని సృష్టించారు. కాషాయం కుర్తా, జీన్సు ప్యాంటు వేసుకుని బందిపోట్లతో తలపడే మన దేశపు హీరో. చాలామంది అతన్ని తక్కువ చేసి మాట్లాడతారు గానీ నాకు భలే ఇష్టం. 1990లో మొత్తం సంచికలే ఆగిపోయాయి.

కానీ నా మనిషి ఫ్లాష్ గోర్డన్. 1934 జనవరిలో అలెక్స్ రేమండ్ బొమ్మలతో మొదలైన కథ. మోంగో అనే గ్రహం భూమిని గుద్దడానికి దూసుకొస్తూ ఉంటుంది, జార్కోవ్ అనే శాస్త్రవేత్త రాకెట్ తయారుచేసుకుని ఫ్లాష్‌నీ, డేల్ అనే అమ్మాయినీ బలవంతంగా ఎక్కించుకుని దానికి ఎదురువెళ్తాడు. అక్కడ మింగ్ చక్రవర్తి, గద్దమనుషులు, సింహమనుషులు. అలెక్స్ రేమండ్ గీసిన మనుషులు నిలబడే తీరు, ఆ కండరాలు, గాలికి ఎగిరే అంగవస్త్రాలు చూస్తే పరాయి గ్రహంలా కాదు, మన పౌరాణికం స్టేజీలా ఉండేది. అందుకే కాబోలు, మొదటిసారి చూసినా కొత్త అనిపించలేదు.

ఈ కథ నా చేతికొచ్చిన రోజులే స్కైలాబ్ రోజులు. 1979 జూలై, మనం ఎనిమిదో తరగతి. 1973లో అమెరికావాళ్లు పంపిన స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం, దాదాపు 77 టన్నుల సామాను, కక్ష్య తప్పి కిందికి దిగిపోతోందని, ఎక్కడ పడుతుందో చెప్పలేమని రేడియోలో వార్తలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు రకరకాల కబుర్లు తెచ్చేవారు, ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లు కోసుకు తినేశారని, అప్పులిచ్చినవాళ్లు అడగడం మానేశారని. మా ఇంట్లో బామ్మ రాత్రిళ్లు వీధి అరుగు మీద పడుకోనిచ్చేది కాదు. ఆ టెన్షన్‌లో ఒకరోజు మన సైన్స్ మాస్టారు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఓ పెద్ద గుండ్రం గీశారు, చుట్టూ చుక్కలతో ఇంకో గుండ్రం. సూర్యుడి మీద అలజడి ఎక్కువైనప్పుడు ఆ వేడికి భూమి పైపొర వాతావరణం ఉబ్బుతుంది, అనుకున్నదానికంటే ఎత్తుకి వస్తుంది, అక్కడ తిరిగేదానికి ఆ గాలి రాపిడి తగిలి వేగం తగ్గి కిందికి జారుతుంది, ఇంతే, అన్నారు. "అంటే మన అరసవల్లి దేవుడే తోసేశాడాండీ?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. మాస్టారు నవ్వలేదు, "ఒకరకంగా అంతే" అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ చాలా గొప్పగా అనిపిస్తుంది. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ ముక్కలుగా పడింది. చెత్త వేసినందుకు అక్కడి ఎస్పెరెన్స్ ఊరివాళ్లు నాసాకి 400 డాలర్లు జరిమానా రాశారు. ఆ రాత్రి నాకు భయం వెయ్యలేదంటే కారణం ఫ్లాష్ గోర్డనే. పైనుంచి ఏదైనా వస్తుంటే దానికి ఎదురువెళ్లేవాడు కూడా ఒకడుంటాడని అప్పటికే చదివేశాను.

అసలు ఆకాశం భయం, ఆకాశం మోజు మనకి చందమామతోనే మొదలు. దాసరి సుబ్రహ్మణ్యం గారి మొదటి సీరియల్ పేరే తోకచుక్క, 1954లో వచ్చింది. మా పెదనాన్న బైండు చేయించి పెట్టిన పాత చందమామల్లో చదివాను. చిత్ర గారు ఆ సీరియళ్లకి గీసిన రాక్షసులు, శిథిలాలు, మాంత్రికుల గుహలు ఎవరి కామిక్సుకీ తీసిపోవని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇక అట్టల మీద వపా. వడ్డాది పాపయ్య గారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారని బడిలో ఉన్నన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మంచు నీలాలు, ఆ పసుపు వెలుగు ఏ గ్రహం మీదా ఉండవు. ఇప్పుడు మన పిల్లలకి మొదటి రోజే చెప్పాలి ఈ సంగతి.

సినిమాల విషయానికొస్తే, ఫ్లాష్ గోర్డన్‌ని 1936లోనే 13 భాగాల సీరియల్ సినిమాగా తీశారు. హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకాస్ మొదట దాన్నే మళ్లీ తీద్దామనుకున్నాడు, హక్కులు దొరక్క స్టార్ వార్స్ రాసుకున్నాడు. 1977లో వచ్చిన ఆ సినిమా మొదట్లో అక్షరాలు పైకి జారుతూ పోవడం కూడా ఆ కాలపు ఫ్లాష్ గోర్డన్ సీరియళ్ల పద్ధతే. మన దక్షిణాదిలోనూ తక్కువేం కాదు. 1963లో తమిళంలో కలై అరసి వచ్చింది, వేరే గ్రహంవాళ్లు వచ్చి సంగీతం నేర్పించుకోవడానికి మన భానుమతి గారిని ఎత్తుకుపోతారు. యుద్ధానికి కాదు, సంగీతానికి! ఇంతకంటే మంచి కారణం ఏ ఇంగ్లీషు సినిమాలోనూ నేను చూడలేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1957 మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె, మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. ఇవాళ మా మనవరాలు ఫోన్లో చేసేది అదే పని.

1991లో ఆదిత్య 369 వచ్చినప్పుడు అమ్మని తీసుకెళ్లాను. సింగీతం శ్రీనివాసరావు గారు టైమ్ మెషిన్‌లో ఒకవైపు 1526కి, కృష్ణదేవరాయల దగ్గరికి, ఇంకోవైపు 2504కి తీసుకెళ్లిన సినిమా. అమ్మకి అర్థం కాదేమోనని నేను చెవిలో చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. "తెలుసు లేరా, రేవతి కథే కదా. వాళ్ల నాన్న సంబంధం అడగడానికి ఆ పిల్లని బ్రహ్మలోకం తీసుకెళ్లి వచ్చేసరికి ఇక్కడ యుగాలు గడిచిపోలేదూ?" భాగవతంలో ఉంది ఆ కథ, 27 మహాయుగాలు గడిచాయని, ఆ తర్వాత బలరాముడికిచ్చి చేశారని. మనవాళ్లకి ముందే అన్నీ తెలుసు, విమానాలూ వాళ్లే చేశారు అనే వాదన నాకు నచ్చదు, కథ వేరు యంత్రం వేరు. కానీ కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదనే ఊహని ఇంత హాయిగా ఒప్పుకునే ప్రేక్షకులు దొరకడం ఆ సినిమా అదృష్టం. ఆ ఊహ మనకి పరాయిది కాదు. హాల్లో చుట్టూ ఒక్కరు కూడా ఇదేం చోద్యం అనలేదు.

ఇప్పుడు అసలు పని. మన స్కూలు లైబ్రరీలో ఒక అద్దాల బీరువా ఈ పుస్తకాల కోసం ఇస్తామన్నారు. నా దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తున్నాను, మీ అటకల మీద ఉన్నవి కూడా కావాలి. న్యూస్‌ప్రింట్ కాగితం వెలుతురుకీ గాలికీ పచ్చబడి పెళుసైపోతుంది, మన సముద్రపు తేమకి పిన్నులు తుప్పు పట్టి పేజీని తినేస్తాయి, కాబట్టి ఆలస్యం చెయ్యకండి. చిరిగిన చోట సెల్లోటేపు మాత్రం అంటించకండి, ఆ జిగురు కొన్నేళ్లకి గోధుమరంగు మచ్చ అయిపోయి బొమ్మని పాడుచేస్తుంది. లామినేషన్ అస్సలొద్దు. నిలబెట్టకుండా పడుకోబెట్టి, పొడి కాగితాల మధ్య పెట్టి తెస్తే చాలు. ఎక్కువగా కొరత ఉన్నవి ఫ్లాష్ గోర్డన్ సంచికలూ, మొదటి రోజుల బహదూరూ. అట్ట లేకపోయినా పరవాలేదు, పేజీలు పోయినా పరవాలేదు. సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు వెంట తెచ్చేయండి, లైబ్రరీలో నేనే ఉండి తీసుకుంటాను.