రాముడు భరతుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగినవి

అయోధ్యకాండ నూరవ సర్గ దగ్గరికి వచ్చేసరికి పారాయణం చేసేవాళ్లలో చాలామందికి తొందర పుడుతుంది. భరతుడి రాకకు కళ్లు తుడుచుకుంటారు, పాదుకల ఘట్టానికి మళ్లీ తుడుచుకుంటారు. మధ్యలో రాముడు అడిగే ఆ డెబ్బై పైచిలుకు శ్లోకాల ప్రశ్నలను మాత్రం గబగబా చదివేసి పేజీ తిప్పుతారు. రాజులకు చెప్పిన నీతి, మనకెందుకులే అని. ప్రవచనాల్లోనూ ‘రాజధర్మాలు బోధించాడు’ అని ఒక్క ముక్కలో దాటేస్తున్నారు. నలుగురి మీద పెత్తనం ఉన్నవాడు రామాయణంలో విడవకుండా చదవాల్సింది ఆ సర్గే అని నా గట్టి నమ్మకం. పెత్తనమంటే కిరీటమే పెట్టుకోనక్కర్లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి, టీమ్ లీడర్, మేస్త్రీ, పొదుపు సంఘం లీడరమ్మ, ఎవరి కింద ఇద్దరున్నా ఈ ప్రశ్నలు వాళ్లకే.

ప్రశ్నల కన్నా ముందు ఒక సంగతి ఉంది. నేను అక్కడే చాలాసేపు ఆగిపోతాను. భరతుడు జడలు కట్టి, నారచీర కట్టుకుని, చేతులు జోడించి నేల మీద పడి ఉన్నాడు. పాలిపోయిన ముఖం, చిక్కిన ఒళ్లు. రాముడు ఎలాగో గుర్తుపట్టాడు అంటాడు వాల్మీకి. గుర్తుపట్టి, చేయి పట్టి లేపి, తల వాసన చూసి, కౌగిలించుకుని, ‘అంకే భరతమారోప్య’, ఒడిలో కూర్చోబెట్టుకుని అప్పుడు అడగడం మొదలుపెట్టాడు. రాజ్యం పోగొట్టుకున్నవాడు, ఆ రాజ్యం ఎవరికి దక్కిందో వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. తండ్రి పోయాడని రాముడికి ఇంకా తెలియదు. తమ్ముడు సైన్యంతో ఎందుకొచ్చాడో తెలియదు. లక్ష్మణుడైతే అంతకు ముందే అనుమానంతో ఉడికిపోయాడు. అయినా రాముడు ముందు చూసింది తమ్ముడి ముఖాన్నే. ఇవాళ మన ఆఫీసుల్లో ముఖం చూడకముందే ‘రిపోర్ట్ ఏదీ?’ అంటారు. కుర్చీ కూడా చూపించరు, ఒడి సంగతి దేవుడెరుగు.

ఆ ప్రశ్నలు మెత్తనివేమీ కావు. సైన్యానికి తిండీ జీతమూ ఇవ్వాల్సిన వేళకు ఇస్తున్నావా, ఆలస్యం చేయడం లేదు కదా? ఆ వెంటనే కారణం కూడా చెప్తాడు. ఆ రెండూ ఆలస్యమైతే పనివాళ్లు యజమాని మీద కోపగిస్తారు, అది చాలా పెద్ద అనర్థం అని. ఏడో తారీఖు దాటినా కాంట్రాక్టు పిల్లలకు జీతం పడలేదంటే ‘బిల్లు పైకి పంపినాం కదప్పా’ అనేవాళ్లు ఈ శ్లోకం చదివి ఉండరు. చదివినా పానకం తాగి మర్చిపోయి ఉంటారు.

నన్ను పట్టుకుని వదలని శ్లోకం మాత్రం ఇంకొకటి.

‘యాని మిథ్యాభిశస్తానాం పతన్త్యశ్రూణి రాఘవ
తాని పుత్రపశూన్ ఘ్నన్తి ప్రీత్యర్థమనుశాసతః’

చేయని తప్పుకు నింద మోసినవాళ్ల కళ్ల నుంచి రాలిన నీళ్లు, తన సుఖం కోసమే ఏలేవాడి బిడ్డల్నీ పశువుల్నీ చంపుతాయట. రాముడి నోట ఇంత కఠినమైన మాట నాకు వేరే చోట గుర్తు రాదు.

ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో నేను పనిచేసే రోజుల్లో ఒక రాత్రి లోడింగ్ లెక్క తేడా వచ్చింది. కౌంటర్ చూపించిన బస్తాలకూ లారీలో ఉన్నవాటికీ పొంతన లేదు. మా ఆఫీసరు వచ్చీ రాగానే లోడింగ్ చేసే ఒక పెద్దమనిషిని అందరి ముందూ నిలబెట్టి ‘ఎంతకు అమ్మినావు?’ అన్నాడు. ఆయన ‘లెక్కగానే ఏసినా సార్, ఒక్క బస్తా గూడా తక్కువ ల్యాదు’ అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. ముఖమంతా సిమెంటు దుమ్ము, దాని మీద కళ్ల కింద నుంచి గడ్డం దాకా రెండు తడి చారలు. తుడుచుకోను కూడా లేదు. తెల్లారి చూస్తే, బస్తాలు నింపే ప్యాకర్ మిషన్ దగ్గరే పగిలిపోయిన బస్తాలను కూడా కౌంటర్ లెక్కపెట్టేసింది. ఆఫీసరు కొత్త షీటు మీద సంతకం పెట్టి టీ తాగడానికి పోయాడు. ఆ పెద్దమనిషితో ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత సెక్షన్‌లో ఏమైందో చెప్పాలి. ప్యాకర్ నాజిల్ తేడాగా కారుతుంటే శబ్దం విని పట్టేసేవాడు ఆ పెద్దమనిషి. అప్పటిదాకా పరిగెత్తుకొచ్చి చెప్పేవాడు, ఇక చెప్పడం మానేశాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ మానేశారు. అడిగితేనే జవాబు, అడక్కపోతే మౌనం. పుత్రులూ పశువులూ అంటే ఏమో అనుకుంటాం. ఒక సెక్షన్ సెక్షనంతా ప్రాణం పోయినట్టు అవడం నేను కళ్లారా చూశాను.

రాముడు అక్కడితో ఆగడు, రాజుకు ఉండకూడని పద్నాలుగు దోషాలు లెక్కపెడతాడు. కోపం, ఏమరుపాటు, సాగదీత, సోమరితనం ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే తెలిసినవాళ్లను కలవకపోవడం, అన్నీ ఒక్కడే కూర్చుని ఆలోచించడం, తెలియనివాళ్లతో సలహాలు చేయడం, నిశ్చయించిన పని మొదలుపెట్టకపోవడం, రహస్యం దాచకపోవడం కూడా దోషాలే అంటాడు. ఈ చివరిది చాలామంది లీడర్లకు తప్పుగానే తోచదు. ఇంట్లో భార్యకు ఆపరేషనని సెలవడిగినవాడి గోడు సాయంత్రానికల్లా క్యాంటీన్ దాకా ఎలా పోతోంది మరి?

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతోంది. పండు వెన్నెల్లో ఆ వైభవం చూడటానికి జనం తండోపతండాలుగా వస్తారు. అంత జనంలో, తలంబ్రాలు పోసే వేళకు కూడా ఫోన్లో కింది ఉద్యోగిని ‘నీకు జీతం దండగ’ అని తిట్టేవాళ్లను చూస్తుంటే ఒళ్లు మండుతుంది. మర్నాడు వాళ్లే ఆఫీసు గ్రూపులో ‘రాముడి నుంచి నాయకత్వ పాఠాలు’ అని రంగురంగుల బొమ్మ పెడతారు. ఆ గుడి జీర్ణోద్ధరణకు వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి అడుక్కున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన మనిషి. చిప్ప ఇంకొకరి చేతికిచ్చి పంపలేదు, తానే చాచారు. రాముణ్ణి నమ్మిన పెద్దలు అలా నడిచారు.

ఈ ప్రశ్నలు ఎదుటివాళ్లను నిలదీయడానికి వాడితే మళ్లీ మొదటికే వస్తాం. శ్లోకాల్లో రాముడు తమ్ముణ్ణి ‘రాఘవా’ అని పిలుస్తాడు. ఆ చోట నేను నా పేరు పెట్టుకుని చదువుతాను. రాత్రి దీపం కొండెక్కే ముందు ఒక్క ప్రశ్న, అంతకన్నా వద్దు. ఒరే, ఇవాళ తెలియకుండానే ఎవరి మీదైనా నింద వేశావా? మంచి పేరు వచ్చినప్పుడు నువ్వొక్కడివే భోంచేశావా? రుచిగా వండినది ఒంటరిగా తినడం లేదు కదా, ఆశపడే మిత్రులకు పెడుతున్నావా అని రాముడు అడిగింది అన్నం గురించే అయినా, పై ఆఫీసరు మెచ్చుకున్న రోజున నాకది వేరేగా వినిపిస్తుంది. జవాబు కోసం వెతుక్కోవద్దు. మనసులో ఒక ముఖం దానంతటదే మెదులుతుంది. ఆ ముఖం ఎవరిదో వాళ్లతో మర్నాడు పని మాట కాకుండా ఇంకో మాట మాట్లాడండి. తిన్నావా అని అడిగినా చాలు.

ఒక్క మాట అడుగుతాను అన్నలారా, అమ్మలారా. ఈ నవమికి పందిరి వేసే ముందు, వడపప్పు నానబెట్టే ముందు, మీ కింద పనిచేసేవాళ్ల సెలవు చీటీలు మీ సొరుగులో ఎన్ని మూలుగుతున్నాయో చూడండి. ఇవ్వాల్సిన ఓవర్‌టైమ్ లెక్క ఎక్కడ ఆగిందో చూడండి. అందరి ముందూ తిట్టినవాడుంటే, సారీ కూడా అందరి ముందే చెప్పండి, గదిలోకి పిలిచి చెవిలో చెప్పడం కుదరదు. అవన్నీ తెమిల్చి, సంతకాలు పెట్టి, అప్పుడు ఒంటిమిట్ట బస్సెక్కండి.