ఎనిమిదో ముడి

లేసు రింగు మూసుకోవడం లేదు. ఎంత లాగినా దారం కదలదు. చూస్తే ఎనిమిదో ముడి తిరగబడలేదు. టాటింగ్‌లో, అంటే షటిల్ అనే చిన్న నాడెతో ముడులేసి లేసు అల్లే పనిలో, ముడి షటిల్ దారంతో కాదు, చేతికి చుట్టుకున్న దారంతో పడాలి. లేకపోతే బిగుసుకుపోతుంది, అంతే.

తప్పు నాది కాదు, ఫోన్‌లో మోగుతున్న ఆర్గన్ వాద్యానిది! ఫ్యూగ్ నడుస్తోంది, అంటే ఒకే వరసని ఒక్కో స్వరం అందుకుంటూ పోయే సంగీతం. ఆ వరస పై స్వరంలో మొదలై, మధ్యలోకి దిగి, చివరికి పాదాలతో నొక్కే పెడల్స్ మీదికి వచ్చింది. ఆ మంద్రం వినగానే నాకు చెయ్యి ఆగిపోతుంది.

అమ్మది నరసాపురం. అక్కడి క్రోషే లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు 2024లో వచ్చింది గానీ, మా అమ్మ చేతిని మేం ఎప్పుడో గుర్తించాం.

"కత్తెర తియ్యకు, సూదితో విప్పవే" అంది. "ఆ చర్చి పాట కాస్త తగ్గించు" అని కూడా.

ముడి విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాట మాత్రం తగ్గించలేదు.