బండి ఎవరు తీసుకెళ్తారండీ? - కోనసీమ బస్సుల్లో సర్వే అనుభవం

ఇంటి రాబడిని బట్టి బస్సు ప్రయాణాలు ఎలా మారతాయో తెలియాలంటే ముందు రాబడి ఎంతని అడగడం మానెయ్యాలి. అమలాపురం నుంచి రావులపాలెం, రాజోలు, ముక్తేశ్వరం వైపు వెళ్లే పల్లెవెలుగుల్లో సర్వే చేశాక నాకు గట్టిగా అనిపించింది ఇదే. పక్క సీటువాళ్లు వింటుండగా ఎవరూ అసలు అంకె చెప్పరు. పైగా బియ్యం కార్డుకు పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల పరిమితి పెట్టారు. కార్డు పోతుందన్న భయంతో జవాబులన్నీ ఆ అంకెల కిందే ఆగిపోతాయి.

అందుకే మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఇంట్లో సంపాదించేవాళ్లు ఎందరు? పోయిన వారం ఎన్ని రోజులు పని దొరికింది? బండి ఉంటే పొద్దున్నే ఎవరు తీసుకెళ్తారండీ? ఈ మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా విలువైంది. మగాయన మోటార్ సైకిల్ మీద పనికి పోతే, ఆ ఇంటి ఆడమనిషికి బండి లేనట్టే. ఫారంలో మాత్రం అది బండి ఉన్న ఇల్లు.

ఛార్జీ గడి కూడా మార్చాల్సిందే. 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు సున్నా టికెట్టే. అసలు ఖర్చు ఇంటి నుంచి రోడ్డు దాకా, దిగాక పనిచోటు దాకా ఎక్కే ఆటోది. దాన్ని విడిగా రాయకపోతే లోపలి ఊళ్ల పేదల ప్రయాణం ఉచితమైనట్టే కనిపిస్తుంది. మగ కూలీల సంగతి వేరు. నెలలో ఎన్ని రోజులు పనుంటుందో తెలియనివాడు పాసుకు ఒక్కసారే డబ్బు కట్టలేడు, రోజు టికెట్టే కొంటాడు.

లెక్క తప్పేది ఎక్కువగా మనుషుల ఎంపిక దగ్గర. వారానికి ఆరు రోజులు బస్సెక్కే కాలేజీ కుర్రాడు, వారానికోసారి ఆసుపత్రికి వెళ్లే పెద్దావిడ కంటే ఆరు రెట్లు ఎక్కువగా మనకు తగులుతాడు. ప్రయాణాల లెక్కకైతే ఇబ్బంది లేదు. ఇళ్ల లెక్క కావాలంటే మాత్రం ఆవిడను 1గా, అతన్ని 1/6గా లెక్కేయాలి, అంటే ఆ చొప్పున వెయిటేజీ ఇవ్వాలి. "వారానికి ఎన్నిసార్లు" అన్న ప్రశ్న వదిలేస్తే ఈ సవరణ తర్వాత చెయ్యలేం. రెండు మూడు స్టాపుల్లో దిగిపోయేవాళ్లకు పెద్ద ఫారం పనికిరాదు. కూలికి, బజారుకు వెళ్లేవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. అందుకని ముఖ్యమైన ప్రశ్నలు మొదటి నిమిషంలోనే అయిపోవాలి.

కోటిపల్లి రేవు దగ్గర ఇంకో చిక్కుంది. బస్సు దిగి, పంటు (రేవు దాటించే పడవ) మీద గౌతమి దాటి, ముక్తేశ్వరంలో మళ్లీ బస్సెక్కే మనిషిది ఒకటే ప్రయాణం. బస్సులో మాత్రమే అడిగితే అది రెండవుతుంది. "ఇంటి నుంచి బయల్దేరి చివరికి ఎక్కడికి?" అని అడగాలి. వరదకు పంటు ఆగిన రోజుల్లో దారులన్నీ మారిపోతాయి, ఆ ఫారాలు వేరే కట్టలో ఉంచాలి.

రోజుల ఎంపికా అంతే. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే జనంతో రావులపాలెం వైపు బస్సులు నిండిపోతాయి. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులప్పటి కూలీల రాకపోకలు వేరు, వేసవిలో కాలువలు కట్టేశాక వేరు. రెండు కాలాల్లోనూ అడిగితేనే పని దొరికే రోజులకూ ప్రయాణాలకూ ఉన్న సంబంధం తేలుతుంది.

చివరగా, బస్సెక్కనివాళ్లు. ఊడ్పులకు మొదటి బస్సు కంటే ముందే గుంపుగా ఆటో కట్టించుకుని వెళ్లే ఆడకూలీలు బస్సు సర్వేలో ఎప్పటికీ తగలరు. ఉచిత టికెట్టు ఉన్నా వాళ్ల వేళకు బస్సు లేదు. వాళ్లను అడగాలంటే తెల్లవారకముందే ఆటోలు బయల్దేరే చోట ఉండాలి. ఫారం తీసేముందు గుంపును తీసుకెళ్లే మేస్త్రీతో మాట్లాడుకోవాలి. ఆటో కిరాయి కూలిలో పట్టుకుంటారా, విడిగా ఇస్తారా అన్నది కూడా అక్కడే రాసుకోవాలి.