రాసినవాళ్లు మాట్లాడకూడదు
"ఇక్కడ కాస్త ఊపిరి తీసుకోవచ్చా?" అన్నారు సీన్ వివరణలు చదువుతున్నావిడ. అందరం గొల్లున నవ్వాం, రాసిన కుర్రాడు తప్ప.

మా రైటర్స్ గ్రూప్‌లో ఇవాళ టేబుల్ రీడ్, అంటే అందరం కూర్చుని సినిమా స్క్రిప్టు పైకి చదవడం. పాత్రకొకరు చదవాలి, రాసిన మనిషి నోరు విప్పకూడదు. స్క్రిప్టులో పేజీకి తెరమీద సుమారు ఒక నిమిషం అని లెక్క కదా. అతని వాన సీన్ ఒక్క పేజీయే, చదివితే మూడు నిమిషాలు దాటింది. ఏదో వివరించబోయి ఆగాడు. పెన్సిల్ తీసి రెండు పేరాలు అడ్డంగా కొట్టేశాడు, ఎవరూ చెప్పకముందే.

సినిమావాళ్లతో పరిచయాలు పెంచుకునే నెట్‌వర్కింగ్ ఈవెంట్లకీ వెళ్తుంటాను. రెండు వాక్యాల్లో కథ చెప్పడం అక్కడే అలవాటవుతుంది, అదీ కావాల్సిందే. కానీ ఈ పెన్సిల్ గీత అక్కడ పడదు.

వచ్చేసారి నా వంతు. తండ్రి పాత్ర పొడుగు డైలాగ్ దగ్గర ఎవరెవరు ఫోన్లు తీస్తారో చూడాలి.