జడ్జికి ఇంట్రెస్ట్ ఉండొచ్చా?

ఒక జడ్జి డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే అది మెచ్చుకోలు, అన్‌ఇంట్రెస్టెడ్ అంటే ఫిర్యాదు. లాయర్లు గొంతు చించుకుంటుంటే ఆవలిస్తూ గడియారం వంక చూసేవాడు రెండో రకం. కేసు ఎటు తిరిగినా తనకు పైసా లాభం గానీ నష్టం గానీ లేనివాడు మొదటి రకం. 'ఒకటి నిష్పక్షపాతం, ఇంకోటి ఆసక్తి లేకపోవడం' అని బట్టీ పడితే పరీక్షలో మార్కులొస్తాయేమో గానీ, అసలు సంగతి మాత్రం అందులో సగమే ఉంది.

చిక్కంతా ఇంట్రెస్ట్ అనే మాటలోనే ఉంది. మనమూ దాన్ని రెండు రకాలుగా వాడుతూనే ఉంటాం, అప్పు మీద కట్టే ఇంట్రెస్ట్ వేరు, క్రికెట్ మీద ఉండే ఇంట్రెస్ట్ వేరు. ఇంగ్లీషులో ముందొచ్చిన అర్థం ఒక వ్యవహారంలో మనకుండే హక్కు, వాటా, లాభనష్టాలు. కుతూహలం అనే అర్థం తర్వాత చేరింది. డిస్‌ఇంట్రెస్టెడ్‌లో లేనిది వాటా, అన్‌ఇంట్రెస్టెడ్‌లో లేనిది కుతూహలం.

ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పని లేదు. ఇంట్లో తాతగారి వీలునామా చదువుతున్నారనుకోండి. పొలంలో వాటా ఉన్న మనవడు ఫోన్‌లోంచి తల ఎత్తట్లేదు, వాడు అన్‌ఇంట్రెస్టెడే గానీ డిస్‌ఇంట్రెస్టెడ్ ఎంతమాత్రం కాదు, ఎందుకంటే ఆస్తి వాడికొస్తోంది. కిటికీ దగ్గర చెవులు రిక్కించి వింటున్న పక్కింటాయనకి దమ్మిడీ రాదు, అయినా ఒక్క ముక్క వదలట్లేదు. ఆయన డిస్‌ఇంట్రెస్టెడ్, కానీ మహా ఇంట్రెస్టెడ్. వీలునామా మీద సాక్షి సంతకం ఎవరు పెట్టాలన్న చోట ఈ తేడా డబ్బుల దాకా వస్తుంది: ఇంగ్లండ్‌లో 1837 నాటి వీలునామాల చట్టం ప్రకారం, మామూలుగా, సాక్షికో సాక్షి భార్యకో భర్తకో అందులో ఏదైనా రాసిస్తే వీలునామా చెల్లుతుంది గానీ ఆ ఇచ్చింది చెల్లదు.

పోనీ డిస్‌ఇంట్రెస్టెడ్ బదులు ఇంపార్షియల్ అనేస్తే సరిపోదా అంటారు కొందరు. నాకైతే సరిపోదనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే తండ్రి ఎవరి పక్షమూ తీసుకోకుండా తీర్పు చెప్పొచ్చు, అప్పుడు ఆయన ఇంపార్షియల్. కానీ ఇద్దరూ ఆయన పిల్లలే, ఆయన డిస్‌ఇంట్రెస్టెడ్ ఎలా అవుతాడు?

ఇక డిస్‌ఇంట్రెస్టెడ్‌ని 'ఆసక్తి లేని' అనే అర్థంలో వాడితే ఈకాలం వాళ్లకి భాష రాదని విసుక్కునే పెద్దమనుషులు ఉన్నారు (వాళ్లంటే నాకు గౌరవమే). కానీ చరిత్ర వాళ్ల వైపు లేదు. 17వ శతాబ్దంలోనే ఆ మాటని ఆ అర్థంలో వాడారు. ఇంకా తమాషా ఏంటంటే, అదే శతాబ్దంలో అన్‌ఇంట్రెస్టెడ్‌కి నిష్పక్షపాతం అనే అర్థం ఉండేది. అంటే రెండు మాటలూ తర్వాతెప్పుడో కుర్చీలు మార్చుకున్నాయి. అందుకే ఎవరైనా డిస్‌ఇంట్రెస్టెడ్ స్టూడెంట్ అని రాస్తే నేను ఎర్ర పెన్ను తీయను, అర్థం అయిపోతోంది కదా. డిస్‌ఇంట్రెస్టెడ్ డాక్టర్ అన్నప్పుడే ఇబ్బంది. ఆ సర్జరీ వల్ల తనకేమీ మిగలని డాక్టరా, పేషెంట్‌ని పట్టించుకోని డాక్టరా? అలాంటి చోట ఆయనకి అందులో లాభం లేదనో, ఆయన పట్టించుకోలేదనో విడమరిచి రాయడమే మేలు.

నామవాచకం దగ్గర మాత్రం ఈ గొడవ దాదాపు తేలిపోయింది. డిస్‌ఇంట్రెస్ట్ అంటే ఇప్పుడు ఎక్కువమంది రాసేది ఆసక్తి లేకపోవడం అనే అర్థంలోనే, అన్‌ఇంట్రెస్ట్ అని రాసేవాళ్లు అరుదు. పాత అర్థమే కావాలంటే డిస్‌ఇంట్రెస్టెడ్‌నెస్ అని అంత పొడుగు మాటా రాసుకోవాలి.