శుభలేఖ తెరుచుకోని రాత్రి

మా వదిన తెనాలిలో ఇంట్లోనే కూర్చుని శుభలేఖలు డిజైన్ చేసిస్తుంది. మొన్న మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "చిన్నా, యాప్ లోపలికే పోనివ్వట్లేదురా" అంది, గొంతు పూడుకుపోయింది. ముహూర్తం ఉదయం 9.42 అయితే కార్డులో 9.24 పడింది, పొద్దున్నే ప్రెస్సుకి ఇవ్వాలి.

జరిగిందేమిటంటే, ఎవరో మా వదిన సోషల్ మీడియా అకౌంట్‌ని హ్యాక్ చేసి పిచ్చి పోస్టులు పెట్టారు, దాంతో ఆ కంపెనీ అకౌంట్ మూసేసింది. డిజైన్ యాప్‌లోకి మూడేళ్లుగా "ఆ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి" అనే బటన్ నొక్కే వెళ్తోంది. విడిగా పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టుకోలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కుదామంటే యాప్ దగ్గర ఆవిడ ఈమెయిలే లేదు, ఎందుకంటే ఆ సోషల్ మీడియా అకౌంట్ తెరిచింది ఫోన్ నంబర్‌తో. చివరికి వాట్సాప్‌లో కస్టమర్‌కి పంపిన ఫొటో చూసుకుంటూ గోత్రాల దగ్గర్నుంచి విందు వేళ దాకా మొత్తం మళ్లీ టైప్ చేసింది, తెల్లవారుజాము మూడయింది.

ఆ బటన్ చెడ్డదని నేను అనను. దాన్ని నొక్కినప్పుడు మన పాస్‌వర్డ్ యాప్‌కి వెళ్లదు, "ఈ మనిషి ఫలానా" అని సోషల్ మీడియా కంపెనీ ఒక టోకెన్, అంటే డిజిటల్ చీటీ లాంటిది, ఇస్తుంది, అంతే. కానీ ఆ టోకెన్ ఇచ్చేవాళ్ల దగ్గర మన అకౌంట్ పోతే దాని మీద ఆధారపడ్డవన్నీ ఆగిపోతాయి. టోకెన్లే దొంగల చేతికి చిక్కడమూ ఉంది: 2018 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్‌లో అదే జరిగింది, సుమారు 3 కోట్ల మందివి పోయాయని తర్వాత వాళ్లే చెప్పారు. బయటి యాప్‌లలోకి దొంగలు వెళ్లిన ఆనవాళ్లు కనపడలేదన్నారు, అదొక్కటే ఊరట.

అందుకే అడుగుతున్నా, డబ్బు గానీ పని గానీ ముడిపడిన యాప్ ఏదైనా సరే, ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ఈమెయిల్, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. అది పని చేస్తోందో లేదో బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయి చూసుకోండి. ఆ తర్వాతే ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో కనెక్ట్ అయి ఉన్న యాప్‌ల లిస్టు తెరిచి, అక్కర్లేనివి తీసేయండి, ఈ వరస తప్పితే మీరే యాప్ బయట ఉండిపోతారు. ఇంకోటి, అక్కడ తీసేసినంత మాత్రాన ఆ యాప్ అప్పటికే తీసుకున్న మీ వివరాలు చెరిగిపోవు, డిలీట్ చేయమని వాళ్లనే విడిగా అడగాలి.

వదిన యూపీఐలో కట్టిన డబ్బుల స్క్రీన్‌షాట్లన్నీ వెతికి పంపితే, పదహారు రోజులకి డిజైన్ యాప్ వాళ్లు ఈమెయిల్ జత చేశారు. నిన్న తెరుచుకుంది. మొట్టమొదట కనపడింది 9.24 అని పడ్డ ఆ శుభలేఖే.