ఏడు పాపాలు, ఆరు శుక్రవారాలు

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలానికి ఇంకా మూడు వారాలు ఉండగా మా విచారణ గురువులు, అంటే మా చర్చి ఫాదర్ గారు, నన్ను పిలిచారు. శుక్రవారం సాయంత్రాలు సిలువమార్గం ప్రార్థన ముగిశాక ఒక పావుగంట ఏడు మూల పాపాల గురించి చెప్పమన్నారు. వెంటనే సరేనన్నాను. గర్వం, లోభం, కామం, కోపం, తిండిపోతుతనం, అసూయ, సోమరితనం: సత్యోపదేశం తరగతిలో ఏళ్ల తరబడి పిల్లలచేత వల్లె వేయిస్తున్నవే కదా. ఇంటికి వచ్చి క్యాలెండరు తిప్పితే, గుడ్ ఫ్రైడే పోను శుక్రవారాలు ఆరే తేలాయి. తిండిపోతుతనాన్నీ సోమరితనాన్నీ జత చేశాను. తిని పడుకునేవాడి కథ ఒకటి చెబితే రెండూ తీరిపోతాయి.

అసలు చిక్కు ఎనిమిదో తరగతి అమ్మాయి తెచ్చిపెట్టింది. "ఇవి బైబిల్లో ఎక్కడున్నాయి మాస్టారూ?" అని అడిగింది. ధీమాగా సామెతల గ్రంథం ఆరో అధ్యాయం తీశాను. దేవుడు అసహ్యించుకునేవి ఏడు అక్కడ ఉన్నమాట నిజమే. కానీ అవి అహంకారపు చూపు, అబద్ధమాడే నాలుక, నిరపరాధి రక్తం చిందించే చేతులు, అన్నదమ్ముల మధ్య తగవులు పెట్టడం వంటివి. మొదటిది తప్ప ఏదీ మన పట్టికతో కలవలేదు. తిండి ఊసే లేదు. వచ్చే వారం చెబుతానని తప్పించుకున్నాను.

ఆ వారమంతా సాయంత్రాలు ఒక సెమినరీ గ్రంథాలయంలో గడిచాయి. తీగ లాగితే డొంక ఈజిప్టు ఎడారిలో కదిలింది. ఎవాగ్రియస్ అనే డీకను (గురువు కింది హోదా సేవకుడు) కాన్‌స్టాంటినోపుల్‌లో మంచి పేరున్న వక్త. అక్కడ ఒక పెద్దింటి వివాహితతో ప్రేమలో పడి, భయపడి, ఊరు విడిచి యెరూషలేముకు పారిపోయాడు. 383 ప్రాంతంలో ఈజిప్టు చేరి, 399లో చనిపోయేదాకా ఆ ఎడారి సన్యాసుల మధ్యే ఉండిపోయాడు. ఆయన రాసింది ఏడు కాదు, ఎనిమిది: తిండియావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, అకేదియా, కీర్తికాంక్ష, గర్వం. పైగా వాటిని పాపాలనలేదు, 'తలంపులు' అన్నాడు. తలంపు రాకుండా ఆపడం మన చేతిలో లేదనీ, దాన్ని లోపల కాపురం పెట్టనివ్వడమో వెళ్లగొట్టడమో మాత్రం మన చేతిలో ఉందనీ ఆయన లెక్క. ఇది నేరాల చిట్టా కాదు, ఒక వైద్యుడు రాసుకున్న రోగలక్షణాల పుస్తకం. ఇన్నేళ్లూ దీన్ని పిల్లల ముందు బెత్తంలా ఆడించాను.

అకేదియా దగ్గర ఆగిపోయాను. గ్రీకులో కూడా ముందున్న 'అ' మన అశాంతిలో, అనాసక్తిలో ఉన్నట్టే లేకపోవడాన్ని చెబుతుంది. అంటే పట్టింపు లేకపోవడం. ఎవాగ్రియస్ దీన్ని మధ్యాహ్నపు దయ్యం అన్నాడు. 91వ కీర్తనలో మన పాత తెలుగు బైబిలు 'మధ్యాహ్నమందు పాడుచేయు రోగము' అన్నచోట గ్రీకు అనువాదంలో దయ్యమే ఉంది. పొద్దున పది గంటలకు వచ్చి రెండింటిదాకా వదలదట. సూర్యుడు కదలడు. పగలు యాభై గంటలున్నట్టు ఉంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, భోజనం వేళ అయిన మూడింటికి ఇంకా ఎంతుందో పొద్దును బట్టి లెక్కవేస్తాడు, ఎవరైనా పలకరించడానికి వస్తున్నారేమోనని అటూ ఇటూ వెతుకుతాడు. ఉన్నచోటు మీద, చేసే పని మీద ఏవగింపు పుడుతుంది. ఇంకో ఊరైతే సుఖంగా బతకవచ్చుననిపిస్తుంది. ఇది చదువుతుండగా నేను మూడోసారి ఫోను తీసి టైము చూసుకున్నాను. తీరా చూస్తే ఆరు నిమిషాలు గడిచాయి.

ఇది సోమరితనం ఎలా అయింది? ఆ ఎనిమిదింటినీ జాన్ కాసియన్ అనే సన్యాసి 420 ప్రాంతంలో మార్సెయ్‌లో లాటిన్‌లోకి తెచ్చాడు. ఎవాగ్రియస్ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఒరిజెన్ అనే పాత వేదాంతి బోధల మీద రేగిన గొడవలో ఎవాగ్రియస్ వైపువాళ్ల మీద అనుమానాలు ముసురుకున్న రోజులవి. తరువాత 590లో పోపు అయిన మహా గ్రెగోరీ, యోబు గ్రంథ వ్యాఖ్యానంలో లెక్క మార్చాడు. గర్వాన్ని రాణిగా పైన కూర్చోబెట్టి, కింద ఏడుగురు సేనాపతులను నిలబెట్టాడు. అసూయ కొత్తగా చేరింది. అకేదియా దుఃఖంలో కలిసిపోయింది. తరువాతివాళ్లు కీర్తికాంక్షను గర్వంలో కలిపి, దుఃఖం పేరు తీసి అకేదియాను మళ్లీ తెచ్చారు. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయాలని 1215లో లాటరన్ అనే చర్చి మహాసభ విధించాక, గురువులు ప్రశ్నలు అడగడానికి ఈ ఏడూ చక్కగా పనికొచ్చాయి. ఎడారిలో సన్యాసికి పుట్టిన విసుగు ఊళ్లో రైతుకు వర్తించాలంటే సోమరితనంగా మారక తప్పలేదు.

నా పాత జత చెడిపోయింది. తిండియావే కామానికి తల్లి అని ఎవాగ్రియస్ అన్నాడు కాబట్టి, ఆ రెండింటినీ ఒక శుక్రవారానికి కుదించి, అకేదియాకు పూర్తి సాయంత్రం ఇచ్చాను.

కోపం రోజు బాగా నడిచింది. అయిదో శతాబ్దపు తొలినాళ్లలో ప్రుడెన్షియస్ అనే స్పెయిను కవి గుణాలకూ దుర్గుణాలకూ యుద్ధం పెట్టి కావ్యం రాశాడు. అందులో కోపం ఈటెలు విసిరి, చివరికి కత్తి దూసి ఓర్పు నెత్తిన కొడుతుంది. ఇత్తడి శిరస్త్రాణానికి తగిలి కత్తి ముక్కలవుతుంది. ఓర్పు కదలనైనా కదలదు. కోపం తన ఈటెతో తానే పొడుచుకుని చస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు, గుడిలో ఉన్నామని మరిచిపోయి. ఆ రోజే ఒకాయన, ఇవి మన అరిషడ్వర్గాలే కదా అన్నారు. అయిదు దాదాపు కలుస్తాయి. మోహానికి అటు జోడు లేదు, తిండియావకూ అకేదియాకూ ఇటు జోడు లేదు.

అకేదియా శుక్రవారం నాడు తెలుగు మాట దొరకక తంటాలు పడ్డాను. విసుగు అన్నాను, నిర్లిప్తత అన్నాను. ముందు వరుసలో జపమాల తిప్పుతున్న ఒక ముసలామె, "మనసు విరగడం అంటారు బాబూ. ఆయన పోయాక నాకు రెండేళ్లు అదే. ప్రార్థనకు కూర్చునేదాన్ని, లోపల ఎవరూ ఉండేవారు కాదు. ఇంటి పని మాత్రం ఒక్కరోజూ మానలేదు" అంది. నా కాగితం మీద 'సోమరితనం' కొట్టేసి ఆ మాట రాసుకున్నాను.

ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇవన్నీ చెప్పాను. "అయితే బైబిల్లో లేవన్నమాట" అని తేల్చేసింది.

పాస్కా (ఈస్టరు) పండుగ మరునాడు ఫాదర్ గారు కనిపించి, వచ్చే ఏడాది సద్గుణాల గురించి చెప్పమన్నారు. ప్లేటో నాటి నుంచి వస్తున్న వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం నాలుగు. పౌలు చెప్పిన విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ మూడు. శుక్రవారాలు మళ్లీ ఆరే.